స్తంభాలను గ్యాలరీలోంచి తీసేశాక: కెన్యా తీరంలో ఒక మ్యూజియం కేసు

ఆఫ్రికా మ్యూజియాలు స్థానికుల సంస్కృతిని చూపించాలి అనే మాట ఇప్పుడు ప్రతి ప్రాజెక్టు రిపోర్టులోనూ ఉంటుంది. ఎవరికి చూపించాలి, ఎంతవరకు చూపించాలి, అసలు చూపించొద్దని చెప్పే హక్కు ఎవరిది అన్న దగ్గరికి వచ్చేసరికి ఆ రిపోర్టులు నీళ్ళు నములుతాయి. నేను చెక్క వస్తువుల కన్జర్వేషన్, అంటే పాత వస్తువులు పాడవకుండా కాపాడే పని, చేస్తాను. కెన్యా తీరంలో ఒక చిన్న మ్యూజియానికి కాంట్రాక్టు మీద చేసిన పని ఇది. మ్యూజియం పేరు, ఊరి పేరు, మనుషుల పేర్లు ఇవ్వడం లేదు. కుటుంబ వివరాలు కొన్ని కావాలనే మార్చాను, ఎందుకో చదువుతుంటే తెలుస్తుంది. మన దగ్గర గిరిజన మ్యూజియాల్లో పనిచేసే మిత్రులు ఇలాంటివే అడుగుతుంటారు కాబట్టి తెలుగులో రాస్తున్నా.

నేపథ్యం

కెన్యా తీరంలో మ్యూజియాలకి కొదవ లేదు. మొంబాసాలో పోర్చుగీసువాళ్ళు 1593లో మొదలుపెట్టిన ఫోర్ట్ జీసస్ కోట 1958 దాకా జైలుగా ఉండి 1960లో మ్యూజియం అయింది. ఉత్తరాన లాము పట్నం, మధ్యలో గేదీ శిథిలాలు, మాలిందిలో వాస్కోడగామా పేరు మీదున్న స్తంభం. అన్నీ చూడదగ్గవే. కానీ వరసగా చూసుకుంటూ పోతే తీరం చరిత్ర అంటే ఓడలెక్కి వచ్చినవాళ్ళదీ, రాతి ఇళ్ళు కట్టుకున్నవాళ్ళదీ, వాళ్ళ మీద దండెత్తినవాళ్ళదీ అన్నట్టే ఉంటుంది. సముద్రం నుంచి కాస్త లోపలికి వెళ్తే ఉండేవాళ్ళు మిజికెండాలు. గిరియామా, దిగో, దురుమా, రబాయ్, చోన్యీ, కౌమా, కాంబే, రీబే, జిబానా అని తొమ్మిది తెగలు. వాళ్ళ పాత ఊళ్ళు ఉన్న 'కాయా' అడవులను 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంత గుర్తింపు ఉన్నా, మేము పనిచేసిన మ్యూజియంలో వాళ్ళ వాటా చివరి గది ఒక్కటే.

దీనికి ఎవరినో ఒకరిని తిట్టి లాభం లేదు. ఆ దేశంలో మ్యూజియం అనేదే అలా పుట్టింది. తూర్పు ఆఫ్రికాలోని తెల్లవాళ్ళు పక్షులు, పురుగులు, జంతువుల మీద ఆసక్తితో పెట్టుకున్న సంఘం నుంచి 1910లో నైరోబీ మ్యూజియం వచ్చింది. 1930లో కోరిండన్ అనే గవర్నరు పేరుతో దానికి భవనం కట్టారు, స్వాతంత్ర్యం వచ్చాక 1964లో నేషనల్ మ్యూజియం అని పేరు మార్చారు. పేరు మారినంత తేలిగ్గా అలమరాల్లో వస్తువులు పేర్చే పద్ధతి మారదు కదా.

మా మ్యూజియం కూడా ఒక పాత అధికారి బంగళా. ముందు గదుల్లో ఓడలు, పింగాణీ, దంతాల వ్యాపారం, బానిసల వ్యాపారం. చివరి గదిలో సొరకాయ బుర్రలు, విల్లంబులు, కొన్ని బుట్టలు, గోడకి వరసగా నిలబెట్టిన విగాంగో.

విగాంగో గురించి కాస్త వివరంగా చెప్పాలి, కేసంతా వాటి చుట్టూనే తిరిగింది. ఒక్కటైతే కిగాంగో అంటారు. గిరియామాల్లో గోహు అనే పెద్దల సంఘం ఉంది. విందులు పెట్టి, ఖర్చు భరించి అందులో చేరినవాళ్ళు పోయాక వాళ్ళ పేర నిలబెట్టే చెక్క స్తంభం ఇది. గుండ్రంగానో చదునుగానో ఒక తల, కింద పొడవాటి పలకలాంటి ఒళ్ళు, ఒంటి నిండా ఉలితో తవ్విన త్రికోణాలు, వాటిలో ఎరుపు, తెలుపు, నలుపు రంగులు. మనిషి పోగానే పాతరు. కొన్నాళ్ళకి ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తుంది, లేదా పంట పోతుంది, పోయిన పెద్దాయన కలలోకి వచ్చి నన్ను మర్చిపోయారంటాడు. అప్పుడు చెక్కిస్తారు. గుడ్డ పేలికలు కడతారు, కొబ్బరికల్లు సాక పోస్తారు. ఒకసారి పాతాక కదపకూడదు. కుటుంబం వేరే చోటికి తరలిపోయినా అది అక్కడే ఉండి ఎండకీ వానకీ చెదకీ పోవాల్సిందే.

కదపకూడనివి అయినా బోలెడన్ని కదిలాయి. 1970ల నుంచి ఇవి దొంగతనంగా క్యూరియో షాపులకి, అక్కడి నుంచి అమెరికా డ్రాయింగ్ రూములకి, ఆ ఇళ్ళవాళ్ళు దానం చేస్తే మ్యూజియాలకి చేరాయి. మోనికా ఉద్వార్డీ అనే మానవశాస్త్రవేత్త 1985లో ఒక ఇంటి పెద్దను రెండు విగాంగో పక్కన నిలబెట్టి ఫోటో తీశారు. ఆ తర్వాత అవి మాయమయ్యాయి. 1999లో ఒక సదస్సులో లిండా గైల్స్ చూపించిన స్లయిడ్‌లో వాటిలో ఒకటి కనపడింది! ఒకటి ఇల్లినాయ్ స్టేట్ మ్యూజియంలో, ఇంకొకటి హాంప్టన్ యూనివర్సిటీ మ్యూజియంలో తేలాయి. ఆ రెండూ చివరికి కెన్యాకి తిరిగొచ్చాయి. డెన్వర్ మ్యూజియం 2014లో తన దగ్గరున్న 30 స్తంభాలు వదులుకుంటే అవి నైరోబీ చేరేసరికి 2019 అయింది. వాటికి ఇల్లెక్కడో ఎవరికీ తెలీదు. మా మ్యూజియంలో ఉన్నవి కూడా ఆ కోవకే చెందుతాయి: ఎప్పుడో వ్యాపారుల దగ్గర పట్టుబడినవి, రిజిస్టర్‌లో 'గిరియామా, చెక్క' అని తప్ప ఇంకేమీ లేనివి.

సమస్య

నాకు వచ్చిన ఉత్తరంలో రెండు విషయాలున్నాయి. ఒకటి, స్తంభాలకి పురుగు పట్టింది, చూడండి. రెండు, చుట్టుపక్కల జనం మ్యూజియంలోకి రావడం లేదు, గ్యాలరీని స్థానికులకి దగ్గరగా మార్చాలి, దానికి గ్రాంటు వచ్చింది. ఈ రెండింటికీ వేరువేరు బడ్జెట్లు, వేరువేరు కన్సల్టెంట్లు.

టికెట్ ధర వల్ల రావడం లేదేమో అని కొన్నాళ్ళు ఊరివాళ్ళకి ఉచితం చేసి చూశారట. ప్రహరీ అవతల మామిడికాయలు, కర్రపెండలం అమ్ముకునే ఆడవాళ్ళు రోజంతా అక్కడే ఉంటారు, వానొస్తే మ్యూజియం వరండాలోకి వస్తారు, గడప మాత్రం దాటరు. బడి పిల్లలు బస్సుల్లో వస్తారు, టూరిస్టులు వస్తారు. అంతే.

నాకు సంగతి అర్థమైంది చివరి గది గుమ్మం దగ్గర. మిగతా గదుల్లో నేల అద్దంలా ఉంది. ఆ గదిలో మాత్రం గోడ నుంచి కొంత దూరం దాకా, గీత గీసినట్టు, దుమ్ము వదిలేసి ఉంది. ఊడ్చే ఆవిడ పెద్ద వయసు మనిషి, అందరూ మామా అంటారు, స్వాహిలీలో అమ్మ అని.

"మామా, ఇక్కడిదాకా వచ్చి ఆపేశారేం?" అన్నాను.

"అక్కడ పెద్దవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళ కాళ్ళ దగ్గరికి చీపురు పట్టుకుని ఎలా వెళ్ళను బాబూ?" అంది.

ఆ మాట తర్వాత రెండు బడ్జెట్లనీ ఒకటిగా చూడమని మ్యూజియం మేనేజర్‌ని అడిగాను. ఆవిడ స్వతహాగా తెలివైన మనిషి, ఆ తీరపు ఆడపడుచే, కానీ పైనుంచి ఒత్తిడి ఉంది. ఆర్నెల్ల రిపోర్టులో ఎంతమంది స్థానికులు వచ్చారో అంకె రాయాలి. సరే, ముందు గ్రాంటులో రాసుకున్న పనులు చేద్దాం, మీ సంగతి పక్కన నడవనివ్వండి అంది. కాదనడానికి లేదు.

ముందు చేసినవి, అవి ఎందుకు నిలబడలేదు

మొదటిది లేబుళ్ళు. ఇంగ్లీషులో ఉన్నవాటిని స్వాహిలీలోకి, గిరియామాలోకి మార్చారు. అనువాదం చక్కగా ఉంది, ఒక రిటైర్డ్ టీచరు చేశారు. రాని మనిషికి లేబుల్ ఏ భాషలో ఉంటే ఏమిటి? వచ్చిన కొద్దిమందీ చదివి, 'ఇది మా తాత స్తంభం లాంటిదే, ఇక్కడికెలా వచ్చింది' అని అడిగేవారు. ఆ ప్రశ్నకి ఏ భాషలోనూ గోడ మీద జవాబు లేదు.

రెండోది కమ్యూనిటీ మీటింగ్. హోటల్ హాలు, భోజనాలు, టీఏ డీఏ. పేర్లు చీఫ్ ఆఫీసు నుంచి వచ్చాయి. చీఫ్ అంటే అక్కడ ప్రభుత్వం నియమించే అధికారి, తెగ పెద్ద కాదు. జాబితా ఎలా ఉంటుందో మనకి తెలియంది కాదు: రిటైర్డ్ ఉద్యోగులు, రాజకీయాల్లోకి రాబోయేవాళ్ళు, సాంస్కృతిక సంఘాల కార్యదర్శులు. చాలా బాగా మాట్లాడారు. స్తంభాలు మన ఘనత, ప్రపంచానికి చూపించాలి అన్నారు. తీర్మానం మీద సంతకాలు పెట్టారు. గోహు వ్యవహారం నిజంగా తెలిసిన ముసలివాళ్ళు ఇద్దరో ముగ్గురో వెనక వరసలో కూర్చుని నోరు మెదపలేదు.

తర్వాత ఫోటోలు. డిజైనర్ ప్లాన్ ప్రకారం ప్రతి స్తంభం పక్కన ఒక పెద్దాయన నిలువెత్తు ఫోటో, కింద ఆయన మాటలు. కాగితం మీద చూస్తే ఎవరికైనా నచ్చుతుంది. వస్తువు పక్కన మనిషి ముఖం ఉండాలని మ్యూజియంవాళ్ళు అందరం చెప్పే మాటే కదా. ఫోటోలు తీసే సమయానికి వెనక వరస పెద్దాయనల్లో ఒకాయన కనిపించలేదు. సాయంత్రం బస్టాండు దగ్గర దొరికితే మేనేజర్ అడిగింది. ఆయన ఆమెని పక్కకి పిలిచి చెప్పింది ఇది: నా ఫోటో ఆ స్తంభం పక్కన గోడ మీద పెడితే, మా ఇంట్లో నా భూమి మీద కన్నేసినవాడికి నువ్వు సాక్ష్యం తయారు చేసి ఇచ్చినట్టే అమ్మా.

కిలిఫీ, క్వాలే ప్రాంతాల్లో చేతబడి చేస్తున్నారనే నెపంతో ముసలివాళ్ళని చంపడం చాలాకాలంగా జరుగుతోంది. చాలా కేసుల్లో అసలు కారణం భూమి. తల నెరిసి, పాత పద్ధతులు తెలిసి, పేర నాలుగెకరాలుంటే చాలు, అనుమానం అంటగట్టడం తేలిక. బాణామతి పేరుతో మన ఊళ్ళలో జరిగినవి తెలిసినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. తెలిసిన పెద్దల్ని వెలుగులోకి తెచ్చి గౌరవిద్దామనుకున్న ప్యానెల్, వాళ్ళ ప్రాణాల మీదకి తెచ్చే కాగితం కూడా కాగలదు.

ఇక్కడ నిర్ణయం తీసుకోవడం తేలిక కాలేదు. ఫోటోలు దిగినవాళ్ళు ఇష్టంగానే దిగారు, సంతకాలున్నాయి. డిజైనర్ వాదన: ఒక్కరికి భయం ఉందని అందరి ముఖాలూ తీసేస్తే మళ్ళీ పేరూ ఊరూ లేని తెగే మిగులుతుంది, వందేళ్ళుగా మ్యూజియాలు చేసింది అదే కదా. ఆ వాదనలో బలముంది, ఇప్పటికీ నేను కొట్టిపారేయను. నా లెక్క వేరు: సంతకం పెట్టినవాడికి ఆ ప్యానెల్ పదేళ్ళు గోడ మీద ఉంటుందనీ, రేపు దాన్ని ఎవరో ఫోన్‌లో ఫోటో తీసి వాట్సాప్‌లో తిప్పుతారనీ తెలిసి పెట్టిన సంతకమేనా? చివరికి స్తంభాల గదిలో ఎవరి ముఖమూ వద్దని, వేరే గదుల్లో వేరే పనుల పక్కన పెట్టుకోవచ్చని తేల్చాం.

నాలుగోది నకళ్ళు. అసలువి లోపల దాచి, చెక్కించిన కొత్తవి డిస్‌ప్లేలో పెడితే అందరికీ బాగుంటుందని ఒక ఆలోచన. టూరిస్టులకి బొమ్మలు చెక్కే అతను ఒప్పుకున్నాడు కూడా. పెద్దల దగ్గరికి వెళ్తే ఒకాయన చాలా మామూలుగా అన్నాడు: "చచ్చినవాడు అడిగితే చెక్కుతాం. ఎవరూ అడక్కుండా చెక్కి నిలబెడితే అందులోకి ఎవరు వచ్చి కూర్చుంటారో మాకు తెలీదు." ఇంకొకాయనకి అభ్యంతరం లేదు, కొయ్య కొయ్యే అన్నాడు. అభిప్రాయాలు రెండుగా ఉన్నప్పుడు ఎటు తిరిగితే వెనక్కి రావడం కుదరదో అటు వెళ్ళకూడదనేది నా పద్ధతి. చెక్కి నిలబెట్టాక 'పొరపాటైంది' అంటే కుదరదు. ఆపేశాం. చెక్కే అతనికి మాట్లాడుకున్న డబ్బు పూర్తిగా ఇచ్చాం.

నడి మధ్యలో ఒక సలహాదారు మాలి దేశపు పద్ధతి చెప్పాడు. అక్కడ దోగోన్ ప్రాంతంలో ఫొంబోరి అనే ఊళ్ళో 1997లో 'కల్చర్ బ్యాంక్' పెట్టారు. ఇంట్లో ఉన్న పాత వస్తువుని ఊరి మ్యూజియంలో పెడితే చిన్న అప్పు ఇస్తారు, వస్తువు గురించి ఎంత వివరం చెప్పగలిగితే అప్పు అంత పెరుగుతుంది. వస్తువు ఇంటివాళ్ళదిగానే ఉంటుంది, వ్యాపారి చేతిలో పడదు. నాకు చాలా ఇష్టమైన ఏర్పాటు ఇది, బుట్టలకీ నగలకీ ముసుగులకీ పనికొస్తుంది. కిగాంగోకి పనికిరాదు. అది పాతిన చోటు నుంచి కదలకూడనిది, దాన్ని తెచ్చి పెట్టి అప్పు తీసుకో అనడమంటే దొంగ చేసిన పనే ఆఫీసు ద్వారా చేయమనడం.

పురుగు సంగతి

ఈలోగా నా పని నడుస్తోంది. ప్రతి స్తంభం కింద నల్ల కాగితం పరిచి, పొద్దున్నే కొత్తగా పొడి రాలిందేమో చూడటం మొదటి మెట్టు. పాత కన్నాలు చూసి భయపడి మందు కొట్టేవాళ్ళు చాలామంది ఉంటారు, పురుగు ఎప్పుడో పోయి ఉంటుంది. రెండిటి కింద మాత్రం రోజూ పౌడర్ లాంటి మెత్తటి పొడి పడుతోంది, అంటే లోపల తొలిచే పురుగు బతికే ఉంది. చెద వేరే కథ, అది నేల పగుల్లోంచి దిమ్మె ఎక్కి వస్తోంది. దిమ్మె తీసేసి స్తంభాల్ని గోడకి దూరంగా జరిపితే చెద దారి తెగింది.

పురుగుకి మందు కొట్టడం చవక. నేను వద్దన్నాను. ఈ స్తంభాలు రేపు ఎవరింటికైనా వెళ్తే వాళ్ళు చేతులతో ముట్టుకుంటారు, గుడ్డలు కడతారు, కల్లు పోస్తారు, ఆ కల్లే పక్కన కూర్చుని తాగుతారు. పాత మ్యూజియాల్లో ఆర్సెనిక్, డీడీటీ కొట్టిన వస్తువులు తెగలకి తిరిగిచ్చి తర్వాత తలపట్టుకున్నవాళ్ళు ఉన్నారు. అందుకని గాలి చొరబడని ఫిల్మ్‌లో చుట్టి, ఆక్సిజన్ పీల్చే పొట్లాలు వేసి, లోపల ఆక్సిజన్‌ని అర శాతం లోపుకి తెచ్చి మూడు వారాలకు పైగా ఉంచే పద్ధతి ఎంచుకున్నా. మందు లేదు, మిగిలేది ఏమీ లేదు. దుమ్ము తుడిచిన గుడ్డల్ని ల్యాబ్‌కి పంపి పాత మందుల ఆనవాళ్ళు కూడా చూపించాం.

దీనికి ముందు అసలు ప్రశ్న ఇంకొకటి ఉంది. పురుగు తిని పోవాల్సిన వస్తువుని పురుగు నుంచి కాపాడటం ఏమిటి? నా చదువంతా వస్తువు బతకాలనే నేర్పింది. ఇక్కడ వస్తువు పోవడమే దాని పద్ధతి. దీని మీద ఎవరినీ మీటింగ్‌కి పిలవలేదు, బస్టాండు దగ్గర మాట్లాడిన పెద్దాయన ఇంటికే వెళ్ళి అడిగాం. ఆయన ఆలోచించి చెప్పింది నా పని మొత్తానికి దారి చూపించింది. పాతిన చోట చెద తింటే అది పద్ధతి. దొంగ ఎత్తుకొచ్చి గోడకి ఆనించిన చోట తింటే అది దిక్కులేని చావు. ముందు ఇంటికి పంపండి, ఆ తర్వాత తింటే తిననివ్వండి.

అంటే కన్జర్వేషన్ కావాలి, గడువు పెట్టుకుని కావాలి. ఇల్లు చేరేదాకా నిలబెట్టడం వరకే నా బాధ్యత. అందువల్ల పగుళ్ళలో రెజిన్ (జిగురులాంటి పదార్థం) పోసి గట్టిపరచడం, రంగులు స్థిరపరచడం లాంటివి జాబితాలోంచి తీసేశాను. ప్లాస్టిక్‌లో చుట్టేముందు మామా వచ్చి ఒక్కో స్తంభం ముందూ తన భాషలో రెండు ముక్కలు చెప్పింది. ఏం చెప్పారని నేను అడగలేదు.

పని చేసింది

ఆల్బమ్. చిన్నది, ముతక అట్టతో, సంచిలో పట్టేది. ప్రతి స్తంభానికి ముందు, వెనక, పక్క ఫోటోలు, మెడ దగ్గర చెక్కుడు దగ్గర్నుంచి తీసినవి. ఫోన్‌లో చూపించడం, ఫోటోలు పంపడం వద్దని నియమం పెట్టుకున్నాం. ఫార్వర్డ్ అయితే వ్యాపారి చేతికి చేరుతుంది, లేదా ఎవరింటి స్తంభమో తెలిసి ఆ ఇంటి ముసలాయన మీద మాటొస్తుంది. మామా చుట్టాలతో మొదలుపెట్టి, వాళ్ళు చెప్పిన ఇళ్ళకి, అక్కడి నుంచి వాళ్ళు పంపిన ఇళ్ళకి వెళ్ళాం. చీఫ్‌కి ముందుగా ఒక మాట చెప్పాం, జాబితా మాత్రం అడగలేదు. పొలం పనుల రోజుల్లో వెళ్ళినప్పుడు వాళ్ళ రోజు కూలీ ఇచ్చాం, కవర్లో పెట్టి ఇచ్చే డీఏలా కాకుండా, ఎంతో చెప్పి.

చాలా ఇళ్ళల్లో ఏమీ తేలలేదు. ఒక ఇంట్లో ముసలావిడ ఒక ఫోటో దగ్గర ఆగింది. స్తంభం మెడ కింద పగులుకి చిన్న తగరపు రేకు, నాలుగు మేకులతో కొట్టి ఉంది. మా రిజిస్టర్ కార్డులో ఆ రేకు గురించి 'తర్వాతి కాలపు పాడు' అని ఉంది. ఆవిడ వేలు దాని మీద పెట్టి, "కిరసనాయిలు డబ్బా కోసి ఆ ముక్క ఇచ్చింది నేనే" అంది. పెళ్ళై వచ్చిన కొత్తలో పిడుగు పక్క చెట్టు మీద పడి స్తంభం పగిలితే మామగారు అలా అతికించారట. మేకుల్లో ఒకటి మిగతావాటికంటే పెద్దదని కూడా చెప్పింది. మేము అప్పటిదాకా గమనించలేదు, వెళ్ళి చూస్తే నిజమే.

తిరిగి ఇవ్వడం ఇంకో పెద్ద వ్యవహారం. 2006 నాటి మ్యూజియాలు, వారసత్వ చట్టం కింద ఇవి రక్షిత వస్తువులు, రిజిస్టర్ నుంచి తీసేయడానికి పైదాకా అనుమతులు రావాలి. అది వచ్చేదాకా ఆవిడ ఉంటుందో లేదో. మేనేజర్ దారి కనుక్కుంది: ఫైలు ఒక పక్క నడుస్తుంటే, ఇంకో పక్క కుటుంబానికి సంరక్షణ బాధ్యత ఇచ్చే ఒప్పందం. అందులో ఒక్క వాక్యం కోసం నెలల తరబడి గొడవ పడాల్సి వచ్చింది. మామూలుగా ఇలాంటి ఒప్పందాల్లో 'వస్తువుని మంచి స్థితిలో ఉంచాలి' అని ఉంటుంది. దాని బదులు 'సహజంగా శిథిలమవడం నష్టంగా లెక్కించబడదు' అని రాయించాం. అది లేకుండా పంపితే చెద పట్టినందుకు ఆ కుటుంబం నేరస్థులవుతారు.

సెక్యూరిటీ వాళ్ళు సిమెంటు దిమ్మె, ఇనప బోను కావాలన్నారు. భయం న్యాయమైందే, ఒకసారి పోయింది మళ్ళీ పోతుంది. స్తంభం కాలు మట్టిలో ఉండాలి అన్నారు కుటుంబం. బోను బదులు ముళ్ళ కంచె, దగ్గర్లో ఇంటివాళ్ళ కాపలా, నేలలో ఉండే భాగం మీద రిజిస్టర్ నంబరు చెక్కడం, దొంగిలించిన కళాఖండాలను గుర్తించడానికి ప్రపంచమంతా వాడే ఆబ్జెక్ట్ ఐడి పద్ధతిలో కొలతలు, ఫోటోలు పోలీసు దగ్గర కూడా పెట్టడం. ఆ తగరపు రేకు ఫోటో అందులో ముందు పేజీలో ఉంది. మళ్ళీ ఎక్కడైనా అమ్మకానికొస్తే అదే పట్టిస్తుంది.

ఇంట్లో అందరూ ఒప్పుకున్నారనుకోకండి. ఒక కొడుకు పాస్టరు. సైతాన్ని ఇంటికి తెస్తున్నారన్నాడు. ఆయన్ని ఒప్పించే ప్రయత్నం మేము చేయలేదు, అది మా పని కాదు. స్తంభం ఇప్పటి ఇంటి దగ్గర కాకుండా పాత ఇంటి స్థలంలో పాతారు, తను ఇందులో లేనని ఒప్పందంలో రాయమన్నాడు, రాశాం.

ల్యాబ్ ఫలితంలో పాత మందు జాడ స్వల్పంగా ఉందని వచ్చింది. కుటుంబాన్ని కూర్చోబెట్టి చెప్పాం: పిల్లలు ముట్టుకోకూడదు, గుడ్డ కట్టాక చేతులు కడుక్కోవాలి, కల్లు కుండ స్తంభానికి తగలకుండా ఉంచాలి. ముసలావిడ విని, మ్యూజియంలో ఆయనకి ఇన్నాళ్ళు విషం పెట్టారన్నమాట అంది. మేనేజర్ అవునంది.

గ్యాలరీకి ఏమైంది

మిగిలిన స్తంభాల్ని డిస్‌ప్లేలోంచి తీసేశాం. వెనకవైపు గది ఒకటి ఖాళీ చేయించి, సిమెంటు పగలగొట్టి మట్టి నేల చేసి, పెరట్లోకి వేరే తలుపు పెట్టించాం. ఎవరైనా తమ పెద్దవాళ్ళు అందులో ఉన్నారేమోనని చూసుకోవాలంటే టికెట్ కౌంటర్ దాటి రానక్కర్లేదు, పెరటి నుంచి వచ్చి, కావాలంటే సాక పోసి పోవచ్చు. టూరిస్టులకి ఆ గది లేదు. గ్రాంటు ఇచ్చినవాళ్ళకి ఇది మింగుడు పడలేదు, మ్యూజియంలో ఉన్న అత్యంత విలువైన వస్తువులు కనపడకుండా చేసి స్థానిక సంస్కృతిని చూపించాం అంటారేమిటని అడిగారు. జవాబుగా మేనేజర్ స్థానికుల రాకపోకల పట్టిక పంపింది.

ఖాళీ అయిన గదిలో కొత్తగా మూడు విషయాలు వచ్చాయి. ఒక గోడకి దొంగతనం కథ: స్తంభం పొలం నుంచి షాపుకి, షాపు నుంచి ఓడకి ఎలా వెళ్తుందో, ఎవరు కొన్నారో. ఇంకో గోడకి మెకతిలిలి వా మెంజా. 1913లో బ్రిటిష్ పన్నుకీ కూలీకీ ఎదురు తిరిగి, కిఫుడు నాట్యం ఆడుతూ ఊరూరా జనాన్ని కూడగట్టిన ఆవిడ. పట్టుకుని దేశం ఆ చివర ఉన్న కిసీకి పంపిస్తే తప్పించుకుని తిరిగొచ్చింది. 1914లో బ్రిటిష్ వాళ్ళు గిరియామాల కాయా అయిన కాయా ఫుంగోని డైనమైట్ పెట్టి పేల్చారు. పాత గ్యాలరీలో ఆవిడకి దక్కింది ఒక్క వాక్యం, వాస్కోడగామాకి ఒక గది.

మూడోది హాండో, గిరియామా ఆడవాళ్ళు కట్టే కుచ్చుల గుడ్డ. ప్రహరీ అవతల ఆడవాళ్ళు మొదట లోపలికొచ్చింది దాని కోసమే, స్తంభాలు ఇప్పుడు ఆ గదిలో లేవని మామా చెప్పాక. బొమ్మకి కట్టిన తీరు చూసి పగలబడి నవ్వారు. ఇలా కడితే నాలుగడుగులు వేస్తే ఊడిపోతుందని ఒకావిడ విప్పేసి మళ్ళీ కట్టింది, రెండో ఆవిడకి అదీ నచ్చలేదు, మా ఊళ్ళో కుచ్చులు ఇంకా ఒత్తుగా ఉంటాయంది. డిజైనర్ ఏది సరైందో తేల్చమని అడిగితే రెండు బొమ్మలు పెట్టమన్నారు. పెట్టాం.

తర్వాతి పనులకి నేను తీసుకెళ్తున్నవి

ఊడ్చేవాళ్ళతో, గార్డులతో మాట్లాడటానికి ఇప్పుడు కాంట్రాక్టులోనే టైమ్ అడుగుతున్నా. ప్యానెళ్ళ ప్రింటింగ్ బడ్జెట్‌లో సగం తిరుగుడుకి మార్చమంటున్నా, సాధారణంగా ఒప్పుకోరు. సంప్రదింపులు అనే పదం ఉన్న చోట 'వద్దంటే ఏం జరుగుతుంది' అని అడుగుతున్నా. వద్దంటే పని ఆగే ఏర్పాటు కాగితం మీద లేకపోతే అది సంప్రదింపు కింద లెక్క కాదు, టీ పార్టీ. ఇక్కడి ఒప్పందంలో ఆ ఏర్పాటు ఉంది: పెద్దల బృందం ఏ వస్తువునైనా డిస్‌ప్లేలోంచి తీయమంటే ముందు తీసి, చర్చ తర్వాత. ఇంతవరకు రెండు వస్తువుల విషయంలో వాడారు, ఒకటి కొన్నాళ్ళకి వాళ్ళే తిరిగి పెట్టమన్నారు.

అలాగే, మన దగ్గర మ్యూజియం ఆవరణల్లో వరసగా నిలబెట్టిన వీరగల్లులు (పోయిన వీరుల పేర నిలబెట్టిన రాళ్ళు) చూసినప్పుడు ఏ ఊరి పొలిమేర నుంచి వచ్చిందో కార్డులో ఉందా అని చూడటం అలవాటైంది. కొన్నిటికి ఉంటుంది.

ఈ కేసు మూసేశామని చెప్పలేను. ఆల్బమ్ తిరుగుతూనే ఉంది. రెండో స్తంభాన్ని గుర్తుపట్టారు, ఒకటి కాదు, రెండు కుటుంబాలు. రెండువైపులా చెప్పే గుర్తులు సరిపోతున్నాయి, ఎందుకంటే చెక్కినవాడు ఒక్కడే అయ్యుంటాడు. ఒకళ్ళకి ఇస్తే రెండో వాళ్ళ పెద్దాయన దిక్కులేనివాడవుతాడు, ఇవ్వకపోతే ఇద్దరూ వెనక గదిలోనే ఉండిపోతారు. మా ఒప్పందం నమూనాలో దీనికి క్లాజు లేదు. రెండు ఇళ్ళ పెద్దలూ వానలు తగ్గాక కలిసి కూర్చుంటామన్నారు, మ్యూజియం వాళ్ళు బయట ఉండాలని షరతు పెట్టారు. మేనేజర్ సరేనంది.